స్లాబ్‌లో ఇంకో నాలుగు పైపులు

సెంట్రింగ్ అయిపోయి, ఇనుము కట్టడం పూర్తయి, తెల్లారితే కాంక్రీటు పోస్తారనగా ఎలక్ట్రీషియన్ స్లాబ్ ఎక్కుతాడు. ఫ్యాన్ బాక్సులు పెడతాడు. చువ్వల సందుల్లోంచి పీవీసీ పైపులు లాగి, బెండ్ల దగ్గర సొల్యూషన్ పూసి, బైండింగ్ తీగతో కట్టేస్తాడు. పొద్దున్నే మిల్లర్ వస్తుంది. సాయంత్రానికల్లా ఆ పైపులన్నీ ఐదంగుళాల కాంక్రీటు లోపలికి వెళ్లిపోతాయి. ఇక ఆ ఇల్లు నిలబడి ఉన్నన్నాళ్లూ వాటిని ఎవరూ కదపలేరు.

అమీన్‌పూర్, బీరంగూడ, ముత్తంగి, ఇస్నాపూర్, కంది, సంగారెడ్డి... ముంబై హైవే వెంట ఏ కాలనీలోకి తిరిగినా ఇలా స్లాబ్‌కు సిద్ధమైన ఇల్లు ఒకటి కనిపిస్తుంది. ఆ పైపుల్లో ఫ్యానుకు దారి ఉంటుంది, లైటుకు ఉంటుంది, ఏసీకి ఉంటుంది, గీజరుకు ఉంటుంది. ఇంటర్నెట్‌కు ఉండదు. గృహప్రవేశం అయ్యాక నెట్ కనెక్షన్ ఇచ్చే అబ్బాయి వస్తాడు. కిటికీ పక్కన డ్రిల్ మిషన్‌తో బొక్క కొట్టి, తీగ ఎక్కడికి అందితే అక్కడ డబ్బా బిగించి వెళ్లిపోతాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే మాట: పై గదిలో సిగ్నల్ రావట్లేదు.

నేను పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. రియాక్టర్ మీదున్న ఉష్ణోగ్రత సెన్సర్ నుంచి కంట్రోల్ రూం దాకా 4 నుంచి 20 మిల్లీఆంపుల సిగ్నల్ తప్పిపోకుండా చేర్చడమే నా ఉద్యోగం. ఫ్యాక్టరీలో పేరు లేని తీగ ఉండదు. రెండు చివర్లా ఫెర్రూల్ తొడిగి దాని మీద నంబరు వేస్తాం. అది ఏ ట్రేలోంచి పోయింది, ఏ జంక్షన్ బాక్సులో దిగింది, పొడవెంత అన్నది కేబుల్ షెడ్యూల్‌లో రాసి ఉంటుంది. పదేళ్ల తర్వాత కొత్తగా చేరిన కుర్రాడు కూడా డ్రాయింగ్ పట్టుకుని నేరుగా ఆ తీగ దగ్గరికి పోగలడు. ఇంత పద్ధతిగా పని చేసే మనుషులమే, లక్షలు పోసి సొంతిల్లు కట్టుకునేటప్పుడు నెట్ తీగ సంగతి అదృష్టానికి వదిలేస్తున్నాం. అందుకు నా మనసొప్పదు. అందుకే సెలవు రోజుల్లో తెలిసినవాళ్ల ఇళ్లకు వెళ్లి, గోడలు లేస్తుండగానే సుద్దముక్కతో గుర్తులు పెట్టి వస్తుంటాను.

మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "అన్నా, అంతా వైఫైయే గదా, ఇంక వైర్లు ఎందుకు?" గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ, ఔటర్ రింగ్ రోడ్ ఉంది కదా అని ఇటువైపు ఇల్లు కట్టుకుంటున్న ఒక తమ్ముడు అడిగిన మాట ఇది. న్యాయమైన ప్రశ్నే.

వైఫై వీధి నల్లా లాంటిది. ఎన్ని బిందెలు వరుసలో ఉన్నా ఒకసారి ఒక్క బిందె మాత్రమే నిండుతుంది. ఒక ఛానెల్ మీద ఎన్ని ఫోన్లు, టీవీలు, కెమెరాలు ఉంటే అన్నీ వంతులవారీగా మాట్లాడాలి. మన ఇంటివే కాదు, అదే ఛానెల్ వాడే పక్కింటివి కూడా ఆ వరుసలోనే ఉంటాయి. పాతకాలం నుంచి వస్తున్న 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. అశోక్‌నగర్‌లోనో బీరంగూడలోనో అపార్ట్‌మెంట్ హాల్లో నిలబడి ఫోన్లో వైఫై జాబితా తెరవండి, ఎన్ని పేర్లు కనబడతాయో! వాటిలో ఈ బ్యాండు వాడేవన్నీ ఈ మూడింట్లోనే సర్దుకోవాలి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో చోటు ఎక్కువ, వేగం ఎక్కువ. కానీ ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ తరంగం గోడ దాటడం కష్టమవుతుంది. మన ఇళ్లు చెక్కతో, జిప్సం బోర్డుతో కట్టినవి కావు. మధ్యలో ఇనుప చువ్వల జాలీ ఉన్న కాంక్రీటు స్లాబు, సిమెంటు ఇటుక గోడలు, వాటికి ఆనించిన ఇనుప బీరువాలు. కింది హాల్లో 300 ఎంబీపీఎస్ చూపించిన ఫోను, పై అంతస్తు వెనక గదిలోకి పోయేసరికి నీరసపడిపోవడానికి కారణం ఇదే.

అయితే వైఫై వద్దని కాదు. ఫోను చేతిలో తిరిగేది, దానికి వైఫై కావాల్సిందే. నేను చెప్పేది ఒక్కటే: ఇంట్లో కదలని వస్తువులన్నిటినీ తీగ మీద పెట్టాలి. టీవీ కదలదు. పిల్లల చదువుల బల్ల కదలదు. కెమెరా కదలదు. ఇంటి నుంచి పని చేసేవాళ్ల టేబుల్ కదలదు. అన్నిటికంటే ముఖ్యంగా, వైఫైని పంచే డబ్బా కూడా కదలదు. ప్రతి అంతస్తు సీలింగ్ మీద ఒక యాక్సెస్ పాయింట్ పెట్టి దానికి తీగ ఇస్తే, సిగ్నల్ స్లాబును దాటాల్సిన పనే ఉండదు. మంచి వైఫై కావాలన్నా మంచి తీగే కావాలి. బజారులో అమ్మే మెష్ డబ్బాలు తీగ లేకుండా ఒకదాన్నుంచి ఒకటి గాలిలోనే అందుకుని ముందుకు పంపుతాయి. అందుకోవడానికీ పంపడానికీ ఒకే రేడియో వాడితే ప్రతి అంచెలో వేగం సగానికి పడిపోతుంది. అవే డబ్బాలకు వెనక నుంచి తీగ తగిలిస్తే వాటి పని తీరే మారిపోతుంది.

ముత్తంగి దగ్గర నాతో పని చేసే ఒకాయన ఇల్లు తీసుకుందాం. 30×60 ప్లాటు, అంటే 200 గజాలు. కింద తల్లిదండ్రులతో తాను, పైన కొడుకూ కోడలూ. గోడలు లింటెల్ దాకా లేచిన రోజు ఇల్లంతా తిరిగాం. ముందు నేను వెతికింది గుండెకాయ లాంటి చోటు. అన్ని తీగలూ వచ్చి చేరే స్థలం. చాలామంది దీన్ని సజ్జ మీదికి నెట్టేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర స్లాబ్ కింది సజ్జ కొలిమిలా కాలుతుంది, అక్కడ నెట్ తీగలన్నిటినీ కలిపే స్విచ్, రూటర్ ఎక్కువ కాలం బతకవు. వంటింట్లో ఆవిరి, నూనె జిడ్డు. చివరకు మెట్ల కింద, పోపుల వాసన తగలని వైపు, రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు గూడు వదిలేలా మేస్త్రీకి చెప్పాం. గాలి ఆడేలా చీలికల తలుపు. లోపల నాలుగు సాకెట్లు, నాలుగూ ఇన్వర్టర్ లైను మీదే. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ తిరిగి నెట్ ఆగిపోవడం కన్నా విసుగు పుట్టించేది లేదు.

ఆ గూటి నుంచి వీధి స్తంభం వైపు గోడ బయటికి ఒక పైపు తప్పనిసరిగా వదలాలి. ఫైబర్ తీగ అందులోంచే లోపలికి రావాలి. ఆ పైపు ఉంటే ఎవరి కనెక్షన్ తీసుకున్నా, రేపు కంపెనీ మార్చుకున్నా కిటికీ ఫ్రేముకు ఇంకో బొక్క పడదు. ఫైబర్ అంటే సన్నటి గాజు దారం, మరీ దగ్గరగా మడిస్తే వెలుతురు బయటికి కారిపోతుంది. అందుకే ఆ పైపుకు మామూలు ఎల్బో వాడకుండా పొడుగాటి బెండు వేయించండి.

ఇక పాయింట్లు. గది గదికీ వెళ్లి "ఇక్కడ ఏం పెడతారు" అని అడుగుతూ పోయాం. కింద హాల్లో టీవీ వెనక రెండు, పెద్ద పడకగదిలో ఒకటి, చదువుల బల్ల దగ్గర రెండు, సీలింగ్ మీద ఒకటి. పైన హాల్లో రెండు, కొడుకు పని చేసుకునే గదిలో రెండు, సీలింగ్ మీద ఒకటి. కెమెరాలు నాలుగు మూలలా నాలుగు. గేటు దగ్గర వీడియో డోర్ ఫోనుకు ఒకటి. మేడ మీద సోలార్ ప్యానళ్లు పెట్టాలన్న ఆలోచన ఉంది, ఆ ఇన్వర్టర్‌కు ఒకటి. మొత్తం 17. టీవీ దగ్గర రెండెందుకని వాళ్లావిడ అడిగింది. ఇవాళ సెటాప్ బాక్సో గేమింగ్ డబ్బానో లేకపోవచ్చు, కానీ గోడ మళ్లీ తెరవం కదమ్మా అన్నాను. ఒక పాయింట్‌కు గోడ కోసి పైపు వేసే కూలీలో రెండో పాయింట్‌కు తీగ ఖర్చు మాత్రమే అదనం.

ఇంత చిన్న ఇంట్లో దూరాలు భయపెట్టేవి కావు. ఈథర్‌నెట్ రాగి తీగకు ప్రమాణం ప్రకారం హద్దు 100 మీటర్లు: గోడలో 90, రెండు చివర్లా ప్యాచ్ కార్డులకు కలిపి 10. మెట్ల కింది గూటి నుంచి మేడ మీది మూలకు కొలిస్తే పాతిక మీటర్లకు మించలేదు. సగటున పాయింట్‌కు 15 మీటర్లు వేసుకున్నా 17 పాయింట్లకు 255 మీటర్లు. కేబుల్ పెట్టె ఒకటి 305 మీటర్లు, అంటే 1000 అడుగులు ఉంటుంది. ఒక్క పెట్టెతో ఇల్లు అయిపోతుంది. టైల్స్ ఖర్చుతో పోల్చి చూస్తే ఇది లెక్కలోకే రాదు.

అసలు తగాదా పైపుల దగ్గర వస్తుంది. ఎలక్ట్రీషియన్‌కు అలవాటైన పద్ధతి లూపింగ్. ఒక స్విచ్ బోర్డు నుంచి పక్క బోర్డుకు, దాన్నుంచి ఇంకో బోర్డుకు తీగ కలుపుకుంటూ పోతాడు. కరెంటుకు అది చెల్లుతుంది. నెట్‌కు చెల్లదు. ప్రతి పాయింట్ నుంచి గూటి దాకా మధ్యలో అతుకు లేని ఒకే తీగ రావాలి. ఈ ఒక్క మాట ఒప్పించడానికి నాకు ప్రతి ఇంట్లోనూ అరగంట పడుతుంది. రెండో మాట ఇంకా ముఖ్యం. "గీ ఫ్యాన్ పైపులనే రెండు పట్టెటట్టున్నయి సార్, దాంట్లనే ఏసేద్దాం" అంటారు. వేయకూడదు. 230 వోల్టుల తీగ ఇన్సులేషన్ ఎలుక కొరికితేనో, వేడికి కరిగితేనో ఆ కరెంటు నెట్ తీగలోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి పిల్లాడి లాప్‌టాప్‌కు చేరుతుంది. ప్రాణాల మీదికి తెచ్చే పని అది. నెట్ తీగలకు పైపులు విడిగా ఉండాలి, బాక్సులూ విడిగా ఉండాలి. రెండూ పక్కపక్కనే పోవాల్సి వస్తే అడుగు ఎడం ఉంచండి. దాటాల్సి వస్తే అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించండి.

పైపు 25 మిల్లీమీటర్లది తీసుకోండి. మనం వేసే క్యాట్ 6 రకం నెట్ తీగ మందం సుమారు 6 మిల్లీమీటర్లు. అలాంటివి మూడు, నాలుగు ఆ పైపులో హాయిగా పోతాయి. పైపు కడుపు నిండా కుక్కకూడదు, సగం కంటే తక్కువే నిండాలి, లేకపోతే లాగేటప్పుడు తీగ సాగిపోతుంది. ఈ తీగను 11 కిలోల బరువుకు మించిన బలంతో లాగకూడదని ప్రమాణం చెబుతుంది. ఇద్దరు మనుషులు కాలు తన్నిపెట్టి లాగుతున్నారంటే లోపల జతల పురులు చెదిరిపోతున్నట్టే. రెండు బెండ్లకు ఒక లాగుడు బాక్సు ఉంటే ఈ బాధ ఉండదు. పని అయ్యాక ప్రతి పైపులోనూ ఒక నైలాన్ తాడు వదిలేయమని నేను పట్టుబడతాను. ఇవాళ మనం వేసే తీగ ఇరవై ఏళ్ల తర్వాత పాతబడుతుంది. అప్పుడు ఆ తాడుకు కొత్త తీగ కట్టి లాగుకుంటే చాలు. పైపు ఉన్న ఇంటికి ఎప్పుడూ దారి ఉంటుంది. తీగను పైపు లేకుండా ప్లాస్టరింగ్‌లో పూడ్చేసిన ఇంటికి ఆ దారి మూసుకుపోతుంది.

తీగ విషయానికొస్తే, ఇంటికి క్యాట్ 6 సరిపోతుంది. క్యాట్ 5ఈ కూడా 100 మీటర్ల దాకా గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. కానీ ధరలో తేడా కొంచెమే కాబట్టి క్యాట్ 6 వేయించడమే మేలు. అది 10 గిగాబిట్ వేగాన్ని 55 మీటర్ల దాకా మోయగలదు, మన ఇంట్లో పొడవు పాతికే కదా. క్యాట్ 6ఏ పూర్తి 100 మీటర్లకు అదే వేగం ఇస్తుంది. కాకపోతే లావుగా, మొండిగా ఉంటుంది, మన చిన్న గోడ బాక్సుల్లో మడవడం కష్టం. ఫ్యాక్టరీ వాసన పడ్డవాళ్లు కొందరు షీల్డ్ ఉన్న కేబుల్ అడుగుతారు. పెద్ద మోటార్లు, డ్రైవులు తిరిగే ప్లాంటులో అది అవసరమే. ఇంట్లో అక్కర్లేదు. షీల్డ్‌ను సరిగ్గా ఎర్త్ చేయకపోతే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇంతకూ షీల్డ్ లేని ఉత్త తీగ చుట్టూ ఉన్న కరెంటు గోలను ఎలా తట్టుకుంటుంది? పురి వల్ల. లోపల ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలితిరిగి ఉంటాయి. జతలో ఒకదాని మీద సిగ్నల్ ఎంత పైకి వెళ్తే రెండోదాని మీద అంత కిందికి వెళ్తుంది. బయటి గోల రెండింటి మీదా సమానంగా పడుతుంది. అవతలి చివర రెండింటి తేడా మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఆ గోల కొట్టుకుపోతుంది. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే ఈ మెలితిప్పిన జతకు పేటెంట్ తీసుకున్నాడు. ఈథర్‌నెట్ 1973లో పుట్టింది లావుపాటి కోయాక్సియల్ తీగ మీద. 1990లో మెలి జత మీదికి ప్రమాణబద్ధంగా వచ్చాకే అది ప్రతి ఆఫీసుకూ పాకింది. మా ప్లాంటులో సిగ్నల్ కేబుళ్లకూ ఇదే పురి. నూట నలభై ఏళ్ల నాటి ఉపాయం ఇంకా మన గోడల్లో పని చేస్తోందంటే నాకు గౌరవంగా ఉంటుంది.

కొనేటప్పుడు ఒక్క మోసం గురించి జాగ్రత్త. చౌక పెట్టెల్లో చాలా వాటి లోపల ఉండేది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. పెట్టె మీద చిన్న అక్షరాల్లో సీసీఏ అని ఉంటుంది, లేదా అసలు ఏమీ ఉండదు. ప్రమాణాలు దీన్ని ఒప్పుకోవు. పరీక్ష సులువు. దుకాణంలోనే ఒక అడుగు ముక్క అడిగి, ఒక తీగ పై తొక్క తీసి, బ్లేడు అంచుతో గీకండి. రాగి అయితే ఎంత గీకినా లోపలా ఎర్రగానే ఉంటుంది. రెండు గీతలకే తెల్లటి మెరుపు బయటపడిందంటే అల్యూమినియం. ఇంకో గుర్తు బరువు. రాగి సాంద్రత అల్యూమినియం కన్నా మూడింతలకు పైనే. అసలు రాగి పెట్టె ఎత్తితే చేతికి తెలుస్తుంది. అల్యూమినియం తీగ రెండు మూడుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది, నిరోధం ఎక్కువ కావడంతో కరెంటు పంపితే వేడెక్కుతుంది. కెమెరాలకు తీగలోంచే కరెంటు ఇద్దామనుకునే ఇంట్లో ఇది అస్సలు పనికిరాదు.

ఆ తీగలోంచే కరెంటు ఇచ్చే పద్ధతిని పీఓఈ అంటారు. 2003లో వచ్చిన ప్రమాణం ప్రకారం ఒక పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, 2009లో అది 30 వాట్లయింది. మామూలు కెమెరాకు అందులో సగం కూడా పట్టదు. మేడ మూలన కెమెరా దగ్గర సాకెట్టు అక్కర్లేదు, వానకు తడిసే అడాప్టరు అక్కర్లేదు. మెట్ల కింది స్విచ్ ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి వీధంతా చీకటైనా కెమెరా చూస్తూనే ఉంటుంది. ముత్తంగి ఇంట్లో పీఓఈ కావాల్సినవి ఏడు: నాలుగు కెమెరాలు, రెండు యాక్సెస్ పాయింట్లు, గేటు ఫోను. వాటికి 8 పోర్టుల పీఓఈ స్విచ్, మిగతా వాటికి 16 పోర్టుల మామూలు స్విచ్ రాయించాను.

ఇక చేతి పని. గోడలో వేసేది గట్టి తీగ, దాని చివర నేరుగా ప్లగ్ కొట్టి వేలాడదీయడం కన్నా గోడ సాకెట్టుకు దింపడం మంచిది. తొక్క ఒక అంగుళం మేర తీస్తాను. జతలు నాలుగూ విడదీస్తాను కానీ పురి విప్పను. సాకెట్టు పళ్ల దాకా తెచ్చాక అవసరమైనంతే, అర అంగుళానికి మించకుండా విప్పుతాను. వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఈ వరుసను టీ568బీ అంటారు. పంచ్ టూల్‌తో నొక్కితే టక్‌మని తీగ పళ్ల మధ్య దిగి, మిగులు తెగిపడుతుంది. ఆ శబ్దం సరిగ్గా రాకపోతే నేను మళ్లీ మొదలుపెడతాను.

ఆకుపచ్చ జత సాకెట్టులో మూడో కాలు (పిన్ను) మీద ఒకటి, ఆరో కాలు మీద ఒకటి కూర్చోవడం చూశారా? అక్కడే చాలామంది తప్పుతారు. "రంగులు వరుసగా పెడితే పాయె గదా, రెండు దిక్కులా ఒకే తీరు ఉంటే చాలు" అనుకుని నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ అని జతలు జతలుగా కొట్టేస్తారు. బజారులో దొరికే లైట్ల టెస్టరు పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లన్నీ చక్కగా వెలుగుతాయి. పని బాగుందని డబ్బులు తీసుకుని పోతారు. కానీ యంత్రం మూడు, ఆరు కాళ్లను ఒక జతగా వాడుతుంది. ఇక్కడ ఆ రెండు కాళ్ల మీదా వేర్వేరు జతల తీగలు ఉన్నాయి. పురి ఉన్నా లేనట్టే, గోల కొట్టుకుపోదు. నెట్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఎవరికీ కారణం అంతుపట్టదు. రంగుల వరుస కంటితో చూసి సరిపోల్చాల్సిందే, ఆ చిన్న టెస్టరు దీన్ని పట్టుకోలేదు.

ఇంకో రోగం దీనికన్నా తేలిగ్గా పట్టుబడుతుంది. ఇస్నాపూర్‌లో ఒక టీచరమ్మ ఇంట్లో 300 ఎంబీపీఎస్ ప్లాను తీసుకుంటే కంప్యూటర్‌లో ఎప్పుడు చూసినా 94 దాటట్లేదు. నెట్ కంపెనీకి ఫిర్యాదు మీద ఫిర్యాదు, వాళ్లు వచ్చి చూస్తే రూటర్ దగ్గర 300 వస్తోంది. ఆ 94 అంకె వినగానే నాకు విషయం అర్థమైంది. 100 ఎంబీపీఎస్ లింకుకు నాలుగు తీగలే చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఆ అదనపు నాలుగింట్లో ఒక్కటి తెగినా యంత్రాలు రెండూ మాట్లాడుకుని 100కు దిగిపోతాయి, చేతికి వచ్చేది 94, 95. బల్ల వెనక సాకెట్టు విప్పి చూస్తే గోధుమ తీగ పళ్లలో దిగకుండా పక్కకు తప్పుకుని ఉంది. మళ్లీ నొక్కితే 300 వచ్చింది. మీ ఇంట్లో స్పీడు సరిగ్గా 94 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంటే, ప్లాను మార్చకముందు తీగ చూపించండి.

కట్టేసిన ఇళ్ల మాటేమిటి అంటారా? అన్నిటికన్నా ముందు డిష్ తీగ పైపు వెతకండి. డీటీహెచ్ వచ్చాక కట్టిన చాలా ఇళ్లలో మేడ మీది నుంచి హాలుకు దాని కోసం ఒక పైపు ఉంటుంది. టీవీ ఇప్పుడు నెట్ మీదే నడుస్తుంటే ఆ నల్ల తీగతో పని లేదు. దాని చివరకే క్యాట్ 6 కట్టి, అవతలి నుంచి మెల్లగా లాగండి, పాతది బయటికి, కొత్తది లోపలికి. దాంతో పై అంతస్తులో ఒక యాక్సెస్ పాయింట్ పెట్టుకుంటే సగం కష్టాలు తీరతాయి. అది కుదరని చోట కేసింగ్ పట్టీలు ఉండనే ఉన్నాయి, స్కర్టింగ్ పైన వేస్తే కంటికి ఆనదు. అద్దె ఇళ్లకూ, కంపెనీ క్వార్టర్లకూ అదే గతి.

ఇంటి బయటికి వచ్చేసరికి నియమాలు మారతాయి. మామూలు బూడిద రంగు పీవీసీ తొక్క ఎండకు రెండు మూడు వేసవుల్లో పెళుసుబారి పగులుతుంది. బయట వేసేదానికి నల్లటి పాలిథిన్ తొక్క ఉన్న రకమే తీసుకోవాలి, అదీ పైపులోనే పోవాలి. సంగారెడ్డి పాత బస్తీ మేడల మీద కోతులు చేసే విధ్వంసం తెలిసినవాళ్లకు పైపు ఎందుకో చెప్పక్కర్లేదు. రెండు కట్టడాల మధ్య మాత్రం రాగి తీగ వేయనే వద్దు. సదాశివపేట దగ్గర ఒకాయన ఇంటి నుంచి పొలం దగ్గరి షెడ్డుకు క్యాట్ 6 పూడ్చాడు. దగ్గర్లో పిడుగు పడ్డ రాత్రి రెండు చివర్ల స్విచ్‌లు, ఇంట్లో టీవీ కలిసి పోయాయి. రెండు చోట్లా ఎర్త్ వేరు. పిడుగు పడినప్పుడు ఆ రెండు ఎర్త్‌ల మధ్య పుట్టే వోల్టేజీకి మధ్యలో ఉన్న రాగి తీగే దారి. గాజు తీగలో కరెంటు పారదు కాబట్టి అక్కడ ఫైబర్ వేసి, రెండు చివర్లా వెలుతురును రాగి తీగ సిగ్నల్‌గా మార్చే మీడియా కన్వర్టర్ పెట్టుకోవాలి. ఇప్పుడు ఆయన షెడ్డు ఫైబర్ మీదే నడుస్తోంది.

ఫైబర్ అంటే పట్నం వస్తువనుకునే రోజులు పోయాయి. మిషన్ భగీరథ నీళ్ల పైపులతో పాటే రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ కోసం ఊళ్ల దాకా డక్టులు వేశారు. 2024 డిసెంబర్‌లో అది ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్లలో మన సంగారెడ్డి జిల్లా సంగుపేట కూడా ఉంది. ప్రైవేటు కంపెనీల ఫైబర్ ఎటూ కాలనీ కాలనీకీ వచ్చేసింది. అంటే గుమ్మం దాకా వెలుగు వేగం వచ్చి నిలబడుతోంది. గుమ్మం దాటాక గది గదికీ దాన్ని తీసుకుపోవాల్సింది మన పైపులే. ఊరికి డక్టు వేసినవాళ్లు నీళ్ల పైపు గోతిలోనే ఆ పని కానిచ్చారు, రోడ్డును రెండోసారి తవ్వలేదు. మనం స్లాబ్ దగ్గర చేయాల్సిందీ అదే.

కాబట్టి స్లాబ్‌కు ముందు రోజు ఎలక్ట్రీషియన్‌తో పాటు మీరూ పైకి ఎక్కండి. నెట్ పైపులకు వేరే రంగు టేపు చుట్టించండి. కాంక్రీటు పడకముందు ప్రతి పైపు పక్కన టేపు కొలత పరిచి ఫోన్లో ఫొటో తీయండి. గోడలు కోసి పైపు పెట్టాక, ప్లాస్టరింగ్‌కు ముందు మళ్లీ తీయండి. రేపు పటం తగిలించడానికి మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటోలే మీకు డ్రాయింగు. తీగలు లాగేటప్పుడు రెండు చివర్లా ఒకే నంబరు ఉండాలి: కింది హాలు టీవీ 1, 2, పై గది 7, 8 అలా. నంబర్ల జాబితా కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మెట్ల కింది గూటి తలుపు లోపలి వైపు అతికించండి. రంగులు వేయకముందే, గోడ తెరిచే వీలున్నప్పుడే, ఒక లాప్‌టాప్ పట్టుకుని పాయింట్లన్నిటికీ వరుసగా తగిలించి చూడండి. లాప్‌టాప్ లింకు స్పీడు ప్రతి చోటా 1000 చూపించాలి. ఏ ఒక్కటి 100 చూపించినా ఆ సాకెట్టు మళ్లీ కొట్టించి, అదీ 1000 చూపించాకే మిగతా కూలీ చేతిలో పెట్టండి.